ఇంగితం, ఒడంబడిక, అధికారం: గోలకొండ నుంచి పటాన్‌చెరు వరకు వాచికేతర వ్యవహార చరిత్ర

వ్యాససంగ్రహం

మాట లేకుండా భావాన్ని తెలిపే పద్ధతులను తెలుగు పరిశోధన ప్రధానంగా నాట్యశాస్త్ర పరిధిలోనే పరిశీలించింది. సంతలోను, గడీ ముందు, కర్మాగారంలోను మనుషులు వాడిన సైగలకు కూడా చరిత్ర ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సైగకు అర్థం దేహం నుంచి కాక, దానిని వాడే సమూహపు ఒడంబడిక నుంచి వస్తుంది. ఆ ఒడంబడికను ఎవరు నిర్ణయించారు, అందులో ఎవరికి చోటు దక్కింది అన్న ప్రశ్నలకు గోలకొండ వజ్రాల వర్తకం, తెలంగాణ గడీ వ్యవస్థ, అమీన్‌పూర్–పటాన్‌చెరు పారిశ్రామిక మండలం అనే మూడు సందర్భాలలో సమాధానం వెదకడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఇంగితం, ఆంగికం, వాచికేతర వ్యవహారం, సంకేతం, గడీ, వలస కార్మికులు, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘ఇంగితజ్ఞానం’ అనే మాటకు లోకజ్ఞానం, సమయోచితంగా మెలగే తెలివి అని నేటి వ్యవహారార్థం. పదాన్ని విడదీసి చూస్తే అసలర్థం వేరు. ఇంగితమంటే మనసులోని భావాన్ని బయటపెట్టే శరీర చేష్ట. ఎదుటివాడు నోరు విప్పకముందే అతని చేష్టను బట్టి మనసు తెలుసుకోగలగడం ఇంగితజ్ఞానం. మాట వెనుక ఉన్నదానిని చదవగలిగినవాడినే తెలివిగలవాడుగా తెలుగు సమాజం లెక్కించిందనడానికి ఈ అర్థపరిణామమే సాక్ష్యం. సంస్కృత ‘సంజ్ఞ’కు తద్భవమైన ‘సన్న’ కనుసన్న, చేసన్న వంటి సమాసాలలో నిలిచింది. మూతి విరుపు, పెదవి విరుపు, ముక్కున వేలు వేసుకోవడం, మీసం మెలివేయడం, తొడ చరచడం, తల దించుకోవడం వంటి పలుకుబడులలో ఒక్కొక్కటి మొదట దేహచర్య, ఆపైన భాషలో స్థిరపడిన అర్థం.

ఈ వ్యవహారాన్నంతటినీ సూచించడానికి ‘అశాబ్దిక ప్రసారం’ అనే పదబంధం వాడుకలో ఉంది. ఈ వ్యాసంలో ‘వాచికేతర వ్యవహారం’ అనే మాటను స్వీకరించడానికి కారణం ఉంది. భారతీయ నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. ఇందులో వాచికం ఒక్కటే మాటకు సంబంధించినది. దేహచలనం, వేషధారణ, కన్నీరు, వణుకు వంటి సాత్త్విక భావాలు కలిసి మిగిలిన మూడు భాగాలు. ‘వాచికేతరం’ అనే పేరు ఈ సంప్రదాయ విభజనను గుర్తుచేస్తుంది.

ఈ విషయంలో ఒక అపోహను ముందే తొలగించుకోవాలి. మానవ సంభాషణలో తొంభైమూడు శాతం మాటేతరమేనని వ్యక్తిత్వ వికాస గ్రంథాలలో తరచు కనిపిస్తుంది. దీనికి మూలం అమెరికా మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో సహపరిశోధకులతో ప్రచురించిన ప్రయోగాలు. ఇష్టాయిష్టాలను తెలిపే సందర్భంలో మాట ఒకటి చెబుతూ ముఖమో స్వరమో మరొకటి చెబితే శ్రోత దేనిని నమ్ముతాడన్నది అక్కడ పరీక్షించిన విషయం. ఆ ఫలితం సంభాషణ అంతటికీ వర్తించదని మెహ్రాబియన్ స్వయంగా స్పష్టం చేశాడు. వాచికేతర వ్యవహారం ఎంత శాతమన్న ప్రశ్న వలన చరిత్రకారునికి ప్రయోజనం లేదు. ఫలానా సైగకు ఫలానా అర్థాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు కట్టబెట్టారన్నది అడగదగిన ప్రశ్న.

2. శాస్త్రం చూసిన దేహం

దేహచేష్టను తెలిసికోదగిన విషయంగా గుర్తించినది నాట్యశాస్త్రం ఒక్కటే కాదు. మంత్రాలోచన రహస్యంగా ఉండాలని చెబుతూ కౌటిల్యుని అర్థశాస్త్రం ఇంగితాన్ని, ఆకారాన్ని వేరువేరుగా నిర్వచించింది. మనిషి అలవాటైన నడవడికకు భిన్నంగా ప్రవర్తించడం ఇంగితం. ముఖాది అవయవాలు మరో రూపం దాల్చడం ఆకారం. ఈ రెండింటి ద్వారా రహస్యం వెల్లడి అవుతుంది కనుక కార్యం నెరవేరేవరకు వాటిని అదుపులో ఉంచుకోవాలని ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. ఈ నిర్వచనంలోని సూక్ష్మం గమనించదగినది. అలవాటు తెలియనివాడికి ఇంగితం తెలియదు. ఒక మనిషి సాధారణంగా ఎలా ఉంటాడో ఎరిగినవాడే ఆ మార్పును చదవగలడు.

భరతుని నాట్యశాస్త్రం పదమూడు శిరఃకర్మలను, ముప్పైఆరు దృష్టులను చెప్పింది. తలను పైకీ కిందికీ మెల్లగా కదిపితే ఆకంపితం, వేగంగా కదిపితే కంపితం. పక్కలకు మెల్లగా తిప్పితే ధుతం, వేగంగా తిప్పితే విధుతం. ధుతం ఒక్కదానికే అనిచ్ఛ, విషాదం, విస్మయం, నిషేధం వంటి అనేక వినియోగాలు ఉన్నాయి. ఒక చేష్టకు ఒకే అర్థమన్న నియమాన్ని శాస్త్రం ఎక్కడా పెట్టలేదు. చేష్టను వర్ణించి, తరువాత దాని వినియోగాలను విడిగా పట్టిక కట్టింది. చేష్ట వేరు, వినియోగం వేరు అన్న ఈ విభజనే ప్రస్తుత చర్చకు పునాది.

తలను అటూ ఇటూ పక్కలకు ఊపే చేష్టను భరతుడు పరివాహితమన్నాడు. దక్షిణ భారతీయుల తల ఊపును చూసి విదేశీయులు ఔననుకోవాలో కాదనుకోవాలో తేల్చుకోలేకపోవడం తెలిసినదే. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ స్థాపన జరిగి పలు దేశాల శాస్త్రవేత్తలు ఈ ప్రాంతానికి వచ్చినప్పటినుంచి ఇక్కడివారికి ఈ చిక్కు కొత్త కాదు. వచ్చినవారికి ఆ చేష్ట కనిపిస్తుంది, దాని వినియోగం మాత్రం తెలియదు.

తెలుగునేలకు సంబంధించినంతవరకు ఈ శాస్త్రచరిత్రలో రెండు ఘట్టాలు ముఖ్యం. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళిని రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఈ గ్రంథంలో మొదటి నాలుగు మార్గపద్ధతికి, చివరి నాలుగు దేశిపద్ధతికి చెందినవి. పేరణి, రాసకం, చర్చరి, దండరాసకం, చిందు, కందుకం వంటివి దేశిభాగంలో చోటుచేసుకున్నాయి. శాస్త్రగ్రంథంలో సగభాగాన్ని ప్రాంతీయ జనుల ఆంగికానికి కేటాయించడం జాయప దృష్టికి నిదర్శనం. ఈ గ్రంథాన్ని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు.

రెండవది ఆధునిక ఘట్టం. నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆనంద కుమారస్వామి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కలిసి ఆంగ్లీకరించగా 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి ఆ అనువాదానికి ఆధారమైంది. చీరాల–పేరాల ఉద్యమ నాయకుడుగా, ‘ఆంధ్రరత్న’గా ప్రసిద్ధుడైన గోపాలకృష్ణయ్య హస్తముద్రలను పాశ్చాత్య పాఠకులకు పరిచయం చేసినవారిలో ఒకడన్న సంగతి ఆయన రాజకీయ జీవిత ప్రాభవంలో మరుగునపడింది.

శాస్త్రసంప్రదాయానికి ఒక పరిమితి ఉంది. అది రంగస్థలానికి చెందిన నాట్యధర్మిని నిశితంగా వర్గీకరించింది. లోకధర్మి అనే పేరుతో లోకవ్యవహారాన్ని గుర్తించినా, లోకంలో సైగలను ఎవరెవరు ఏ అవసరానికి వాడుతున్నారో లెక్కించే పని దానిది కాదు. ఆ పనికి చరిత్ర ఆధారాలను ఆశ్రయించాలి.

3. వస్త్రం కింది వేళ్లు: వర్తక సంకేతం

నేటి పటాన్‌చెరు చాళుక్యుల కాలపు పొట్టలకెరె. కల్యాణ చాళుక్య రాజు రెండవ జయసింహుడు (1015–1043) ఇక్కడి నుంచి పాలించాడు. ఈ ప్రాంతంలో లభించిన జైన శిల్పాలు ఆనాటి మతజీవనానికి సాక్ష్యాలు. కాయోత్సర్గ భంగిమలో రెండు చేతులూ ఏ ముద్రా లేకుండా నేలవైపు వేలాడుతుంటాయి. చేతిని అభినయం నుంచి తప్పించడం ద్వారానే వైరాగ్యాన్ని చెప్పడం ఆ శిల్పభాష విశేషం. తరువాతి కాలంలో ఈ భూభాగం గోలకొండ రాజధాని పరిసరమయింది. అమీన్‌పూర్ చెరువు ఇబ్రహీం కుతుబ్ షా కాలం (1550–1580) నాటిదని ప్రతీతి. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు.

గోలకొండ రాజ్యానికి ప్రపంచఖ్యాతి తెచ్చిన వజ్రాల వర్తకంలో వాచికేతర వ్యవహారానికి విలువైన చారిత్రకాధారం దొరుకుతుంది. ఫ్రెంచి వర్తకుడు జాఁ బాప్తిస్త్ తావెర్నియే తన యాత్రాగ్రంథాన్ని 1676లో ప్రకటించాడు. గోలకొండకు అయిదు రోజుల ప్రయాణ దూరంలో ఉన్నదని తాను చెప్పిన రావల్‌కొండ గనుల అధ్యాయంలో అక్కడి బేరం పద్ధతిని వర్ణించాడు. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు నడికట్టు వస్త్రపు కొంగును విప్పి చేతులపై కప్పుతారు. ఆ చాటున అమ్మేవాడు కొనేవాని చేయి పట్టుకొంటాడు. మొత్తం చేతిని పట్టుకొంటే వెయ్యి. ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేలు. అయిదు వేళ్లను మాత్రమే పట్టుకొంటే అయిదువందలు, ఒక వేలు పట్టుకొంటే వంద. వేలి నడిమి కణుపు వరకు పట్టుకొంటే యాభై, కొస కణుపు మాత్రమే అయితే పది. చుట్టూ ఎందరున్నా ఎవరికీ ధర తెలియదు. ఒకే మూట అదే చోట పలుమార్లు చేతులు మారినా చూపరులకు ఏ బేరం ఎంతకు కుదిరిందో అంతుపట్టదు.

ఈ వర్ణన మూడు విషయాలను నిర్ధారిస్తుంది. మొదటిది, ఇది సహజ చేష్ట కాదు, కట్టుదిట్టమైన సంఖ్యావ్యవస్థ. చేయి, అయిదు వేళ్లు, వేలు, సగం వేలు, కొస అనే అంచెలలో విలువలు అమరాయి. రెండవది, ఇక్కడ చేయి కంటికి కాక స్పర్శకు మాట్లాడుతుంది. నాట్యంలోని హస్తం ప్రేక్షకుల కోసం, ఈ హస్తం ప్రేక్షకులకు తెలియకుండా ఉండటం కోసం. మూడవది, సంకేతం ఇరువురికీ సమానంగా తెలుసు. వేలు నొక్కినవాడికి ఎంత తెలుసో నొక్కించుకొన్నవాడికీ అంతే తెలుసు. కాదనుకొంటే అదే వస్త్రం కింద మరో వేలితో బదులు చెప్పవచ్చు. అర్థాన్ని ఇచ్చే హక్కు రెండు చేతులకూ ఉంది.

కేరళ తీరంలోని కాలికట్ వర్తకులలో ఇటువంటి పద్ధతినే పదహారవ శతాబ్ది ఆరంభంలో ఇటలీ యాత్రికుడు లుదోవికో ది వర్తేమా గమనించాడు. అరేబియా నుంచి మంగోలియా వరకు పలు వర్తక సమూహాలలో దీని రూపాంతరాలున్నాయి. తెలుగుప్రాంతపు పశువుల సంతలలో తువ్వాల కింద వేళ్లు పట్టి బేరమాడే పద్ధతి దీనికి సజీవ రూపం. సంతలో పదుల, వందల, వేల లెక్కలలో ఏది నడుస్తున్నదో సందర్భాన్ని బట్టి ముందే తెలుస్తుంది. వేలు అంకెను మాత్రమే చెబుతుంది. దళారి ఒక తువ్వాల కింద అమ్మేవానితోను, మరో తువ్వాల కింద కొనేవానితోను వేరువేరుగా మాట్లాడి తన లాభాన్ని ఆ రెండింటి నడుమ దాచుకోగలడు. గోప్యతకు ఏర్పడిన సంకేతమే మధ్యవర్తికి ఆయుధమయిందన్నమాట. సమానుల ఒడంబడిక ఎక్కడ సడలుతుందో ఇది చూపుతుంది.

4. గడీ ముందు దేహం: విధేయతా సంకేతం

వర్తక సంకేతంలో ఇరుపక్షాలకూ హక్కుండగా, నిజాం పాలనలోని తెలంగాణ గ్రామాలలో స్థిరపడిన దేహనియమాలు ఏకపక్షమైనవి. గడీ ముందునుంచి పోయేటప్పుడు కింది కులాలవారు చెప్పులు విడిచి చేతపట్టుకోవాలి. భుజాన ఉన్న తువ్వాలను తీసివేయాలి. దొర ఎదుట కూర్చోరాదు. చేతులు కట్టుకొని, నడుము వంచి, కళ్లు దించి నిలవాలి. ‘బాంచెను’ అనే మాట, కాలు మొక్కుతానన్న మాట ఈ భంగిమకు తోడుగా వచ్చేవి. వాచికం ఆంగికానికి వ్యాఖ్యానంలా మారిన అరుదైన సందర్భమిది. కాలు మొక్కుతానని పలికే సమయానికే దేహం సగం వంగి ఉంటుంది.

భరతుని పరిభాషలో ఇది ఆంగికం, ఆహార్యం కలిసిన అభినయం. చెప్పులు, తువ్వాల ఆహార్యంలో భాగాలు. భుజాన తువ్వాల ఉండటం గౌరవచిహ్నం, దానిని తొలగించడం ఆ గౌరవాన్ని ఎదుటివానికి అప్పగించడం. సంతలో బేరాన్ని దాచిన తువ్వాలే గడీ ముందు అణకువకు సాక్ష్యమయింది. వస్త్రం ఒకటే, దానికి అర్థాన్నిచ్చిన ఒడంబడికలు రెండు. ఒకటి కుదుర్చుకొన్నది, మరొకటి రుద్దినది.

ఈ విధేయతా సంకేతంలో తల ఊపుకు ప్రత్యేక స్థానం ఉంది. దొర ఆజ్ఞాపించినప్పుడు వెట్టివాడు తల ఊపుతాడు. ఆ ఊపు విషయం బోధపడిందని గాని, సమ్మతమని గాని చెప్పదు. ఎదురు చెప్పనన్న హామీ మాత్రమే ఇస్తుంది. అర్థం కాలేదని అడగడమే ఎదురు చెప్పడంగా లెక్కకు వచ్చే చోట, తల ఊపడం తప్ప మరో సైగకు తావుండదు.

ఆంధ్ర మహాసభ 1944 భువనగిరి సమావేశాల తరువాత గ్రామాలలో సంఘం విస్తరించింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో మొదలైన సాయుధ పోరాటం 1951 వరకు సాగింది. భూమి, వెట్టి, పన్ను అనే అంశాలతో ఈ చరిత్రను రాయడం సరైనదే. దీనికి దేహచరిత్ర అనే మరో పార్శ్వం కూడా ఉంది. తువ్వాల భుజానే ఉంచుకొని, చెప్పులతోనే గడీ ముందు నడవడం ఆ కాలంలో ఒక రాజకీయ ప్రకటన. వంగిన నడుము స్థానంలో ఎత్తిన పిడికిలి వచ్చింది. చట్టంలో వెట్టి రద్దు కావడానికి, దేహంలో వెట్టి రద్దు కావడానికి మధ్య ఎడం ఉంటుంది. ఆదేశం వినగానే తల ఊపే అలవాటు గడీలు కూలిన తరువాత కూడా కొత్త యజమానుల ముందు కొనసాగగలదు.

5. కర్మాగారంలో సంకేతం

1960వ దశకంలో రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం, 1970వ దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ, తదనంతరం బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు ఏర్పడటంతో పాత మెదక్ జిల్లాలోని ఈ భాగం స్వరూపం మారిపోయింది. 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరిన అమీన్‌పూర్ ఈ పారిశ్రామిక మండలానికి, హైదరాబాదు నగర విస్తరణకు కూడలిగా ఎదిగింది. ఒకవైపు కర్మాగారాలు, మరోవైపు బహుళ అంతస్తుల నిర్మాణాలు. రెండు చోట్లా మాట వినపడని స్థితిలో మనుషులు కలిసి పనిచేయవలసి వస్తుంది.

దీనికి కారణాలు రెండు. మొదటిది చప్పుడు. ఎనిమిది గంటల పనికాలానికి 90 డెసిబెల్స్ వరకు చప్పుడును కర్మాగార నిబంధనలు పరిమితిగా చెప్పాయి. ఆ స్థాయిలో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచక తప్పదు. రెండవది భాష. తెలుగువారితో పాటు ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల కార్మికులు ఇక్కడ పనిచేస్తున్నారు. చప్పుడు లేని చోట కూడా వారందరికీ ఉమ్మడి మాట దొరకదు.

ఇటువంటి స్థితి నుంచి సైగల వ్యవస్థలు పుట్టడం ప్రపంచంలో పలుచోట్ల జరిగింది. ఇంగ్లండులోని లాంకషైర్ నూలుమిల్లులలో నేతకార్మికులు, ముఖ్యంగా స్త్రీలు, పెదవుల కదలికను విస్తరించి చూపుతూ చేతి సైగలు జోడించి మాట్లాడుకొనేవారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రంపపుమిల్లులలో కార్మికులు అభివృద్ధి చేసుకొన్న సైగలను మార్టిన్ మైస్నర్, స్టువర్ట్ ఫిల్‌పాట్ 1975లో ప్రకటించిన పరిశోధనలో నమోదు చేశారు. యంత్రాల పనికి ఏర్పడిన ఆ సైగలతో కార్మికులు హాస్యాలాడుకొన్నారు, ఇంటి సంగతులు చెప్పుకొన్నారు. పని కోసం పుట్టిన సంకేతం స్నేహానికి కూడా పనికివచ్చింది.

భారీ కర్మాగారాలలో క్రేన్ సంకేతాలు మరో రకమైనవి. ఇవి కార్మికులలో పుట్టినవి కావు, ప్రమాణాలుగా నిర్దేశించినవి. కింద నిలిచిన సిగ్నల్‌మ్యాన్ ముంజేతిని నిలువుగా ఎత్తి, చూపుడువేలు పైకి చూపుతూ చిన్న వలయాలు తిప్పితే బరువును ఎత్తాలి. చేయి కిందికి చాచి, వేలు నేలవైపు చూపుతూ తిప్పితే దించాలి. చేతిని చాచి అరచేయి నేలవైపు ఉంచితే ఆపాలి. రెండు చేతులూ చాచి ఊపితే తక్షణం ఆపాలి. క్రేన్ నడిపేవాడు ఒక్క సిగ్నల్‌మ్యాన్ సైగలనే పాటించాలి. దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది. ఆపమన్న సైగ ఎవరు చేసినా, చేసినవాడు ఖలాసీ అయినా, నిన్న చేరిన కూలీ అయినా, పాటించి తీరాలి.

ఈ మినహాయింపు వాచికేతర వ్యవహార చరిత్రలో ప్రత్యేకంగా గుర్తించదగినది. గడీ ముందు నిలిచిన దేహానికి ఒక్క సైగ మీద కూడా హక్కు లేదు. క్రేన్ కింద నిలిచిన అట్టడుగు కార్మికునికి కనీసం ఒక్క సైగ మీద పూర్తి హక్కు ఉంది. అతడు చేయి చాచితే టన్నుల బరువు ఆగాలి.

సంకేతం ప్రమాణబద్ధమైనంత మాత్రాన అందరికీ తెలిసినట్లు కాదు. బొటనవేలు ఇందుకు మంచి ఉదాహరణ. క్రేన్ సంకేతాలలో చేయి చాచి బొటనవేలు పైకెత్తితే క్రేన్ బాహువును లేపమని అర్థం. చరవాణి వాడేవారికి అదే వేలు ‘బాగుంది’ అని చెబుతుంది. హిందీ పలుకుబడిలో బొటనవేలు చూపడమంటే ఏమీ ఇవ్వకుండా వెక్కిరించడం. చిటికెనవేలు ఎత్తితే తెలుగు బడిపిల్లల వాడుకలో ‘ఒకటికి’ వెళ్లడానికి అనుమతి. పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీజెన్ 1969లో సైగలను వర్గీకరిస్తూ, మాటకు బదులుగా నిలిచి సమూహంలో స్థిరమైన అర్థం గల వాటిని ఒక ప్రత్యేక వర్గంగా చూపారు. ఇటువంటి సైగలు భాషలోని పదాలవలె నేర్చుకొంటే వచ్చేవేగాని పుట్టుకతో వచ్చేవి కావు.

పారిశ్రామిక మండలంలో ప్రమాణం లేని సైగలు కూడా ఉన్నాయి. ఉదయం వేళ లేబర్ అడ్డాలో వాహనం ఆపిన మేస్త్రి ఎందరు కావాలో వేళ్లతో చూపడం వాటిలో ఒకటి. రావల్‌కొండలో వస్త్రం కింద రెండు చేతులు మాట్లాడుకొన్నాయి. అడ్డాలో ఒకే చేయి బహిరంగంగా మాట్లాడుతుంది. రెండు వేళ్లు లేస్తే పదిమంది ముందుకు కదులుతారు. మిగిలిన ఎనిమిదిమందికి బదులు చెప్పే సైగ లేదు.

6. సైగ, సైగల భాష

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టం చేయాలి. తెలుగులో ‘సైగ’ అనే ఒకే పదాన్ని ఈ విడి సంకేతాలకు, బధిరుల భాషకు కూడా వాడుతున్నారు. ఈ రెండూ ఒకటి కావు. బధిరుల సైగల భాషకు స్వంత నిర్మాణం ఉన్నదని విలియం స్టోకీ 1960లో అమెరికన్ సైగల భాష ఆధారంగా నిరూపించాడు. భారతీయ సైగల భాషకు కూడా వాక్యనిర్మాణం, పదజాలం ఉన్నాయి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పదివేల పదాల నిఘంటువును వెలువరించింది. సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం పనిచేస్తున్నది. కనుక బధిరుల భాషను వాచికేతర వ్యవహారంలో చేర్చడం పొరపాటు. అది చేతులతో నడిచే వాచికమే. క్రేన్ సంకేతాలతో ఎత్తు, దించు, ఆపు వంటి ఆజ్ఞలు చెప్పగలరు గాని, ఎందుకు ఆపాలో చెప్పలేరు. ఈ పరిమితిని గుర్తిస్తేనే తరువాతి చర్చ స్పష్టమవుతుంది.

7. ఒక తల ఊపు, రెండు నియమాలు

కార్మికుల రక్షణ చట్టాలు మాటను ఆధారం చేసుకొన్నాయి. దశాబ్దాలపాటు అమలైన 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం కర్మాగారంలో ప్రదర్శించే ప్రకటనలు ఆంగ్లంలోను, కార్మికులలో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోను ఉండాలి. అధికసంఖ్యాకుల భాష రానివారికి గోడమీది అక్షరం మూగది. 1987 సవరణతో చేరిన 111–ఏ సెక్షన్ కార్మికునికి తన ఆరోగ్య, భద్రతా విషయాలలో సమాచారం పొందే హక్కును, శిక్షణ పొందే హక్కును ఇచ్చింది. ఆ శిక్షణ ఏ భాషలో జరిగినా, చివర వచ్చే ప్రశ్న ఒకటే: అర్థమైందా? దానికి జవాబు తరచు తల ఊపు.

రెండు సంకేత నియమాలు ఢీకొనేది ఈ చోటనే. అడిగిన అధికారి ఆ తల ఊపును అవగాహనకు గుర్తుగా చదువుతాడు. ఊపిన కార్మికుడు దానిని విధేయతకు గుర్తుగా వాడి ఉండవచ్చు. అతడు ఎరిగిన సామాజిక నియమంలో పెద్దవాడు అడిగినప్పుడు అర్థం కాలేదనడం మర్యాద కాదు. పని పోతుందన్న భయం ఆ మర్యాదకు మరింత బలమిస్తుంది. భరతుని పరిభాషలో చేష్ట ఒకటే, వినియోగాలు రెండు. నాట్యంలో ఈ సందిగ్ధత రసానికి తోడ్పడవచ్చు. రియాక్టరు దగ్గర, బరువు వేలాడే హుక్కు కింద అది ప్రాణాంతకం కాగలదు.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో సంభవించిన పేలుడులో నలభైమందికి పైగా మరణించారు. మృతులలో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు ఎందరో ఉన్నారు. ఆ దుర్ఘటనకు కారణాలను సైగలకు ముడిపెట్టడం న్యాయం కాదు. ఈ మండలంలో ప్రమాదపు అంచున నిలిచి పనిచేస్తున్నవారు ఎన్ని భాషల వారో మాత్రం ఆ మృతుల స్వరాష్ట్రాల జాబితా చెప్పింది. అటువంటి సమూహంలో అవగాహనను తల ఊపుతో కొలవడం ఎంత బలహీనమైన పద్ధతో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ చిక్కుకు పరిష్కారం కూడా వాచికేతరంలోనే ఉంది. అర్థమైందా అని అడగడానికి బదులు చేసి చూపమని అడగడం వలన విధేయతా సంకేతానికి తావుండదు. తల ఊపును అనుకరించవచ్చు. కవాటాన్ని ఏ వరుసలో మూయాలో తెలియనివాడు దానిని చేసి చూపలేడు. నాట్యగురువు శిష్యుని ముద్ర తెలుసా అని అడగడు, పట్టి చూపమంటాడు. శాస్త్రసంప్రదాయంలో సహజంగా ఉన్న ఈ బోధనా పద్ధతి కర్మాగారపు నేలమీద ప్రాణరక్షణ పద్ధతి అవుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వలన వాచికేతర సంకేతాలు చారిత్రకంగా నాలుగు విధాలుగా తేలుతున్నాయి. శాస్త్రసంకేతం రసాన్ని, వర్తకసంకేతం గోప్యతను, విధేయతాసంకేతం అధికారాన్ని, భద్రతాసంకేతం ప్రాణాన్ని ఆశ్రయించి నిలిచాయి. నాలుగింటికీ సాధనం మనిషి దేహమే. వాటి మధ్య భేదాన్ని నిర్ణయించేది ఒడంబడికలో భాగస్వాములకున్న హక్కు. రావల్‌కొండ వస్త్రం కింద ఆ హక్కు ఇద్దరిదీ. గడీ ముందు ఒక్కరిది. క్రేన్ కింద ‘ఆపు’ అనే ఒక్క సైగ మేరకు అందరిదీ. ఆ ఒక్క సైగను మొత్తం పనిప్రదేశానికి విస్తరించడం, అంటే అర్థం కాలేదని నిర్భయంగా చూపే సైగను ప్రతి కార్మికునికీ ఇవ్వడం, పారిశ్రామిక సమాజం ఇంకా పూర్తిచేయవలసిన పని.

తెలుగు పరిశోధనకు కూడా ఇందులో కర్తవ్యం ఉంది. తెలుగు శాఖలు వృత్తిపదకోశాల సంకలనంలో గొప్ప సంప్రదాయాన్ని నిర్మించుకొన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం దానికి ఆద్యం. వృత్తిపదాలకు జరిగిన ఆ సేవ వృత్తిసైగలకు జరగవలసి ఉంది. సంతలో తువ్వాల కింది లెక్క, ఖలాసీల చేతిసన్నలు, అడ్డాలోని వేళ్ల లెక్క దృశ్యరూపంలో, ప్రాంతం, వృత్తి, వినియోగాల వివరాలతో నమోదు కావాలి. చరవాణిలో ధర పంపుకొనే అలవాటు తువ్వాలను, వైర్‌లెస్ పరికరం చేతిసన్నను క్రమంగా పక్కకు నెడుతున్నాయి. దేశి ఆంగికానికి తన గ్రంథంలో సగభాగం ఇచ్చిన జాయప సేనాని ఏడున్నర శతాబ్దాలకు పూర్వమే ఇటువంటి కృషికి దారి చూపాడు. ఆ దారిని నాట్యమండపం నుంచి పనిప్రదేశానికి కొనసాగించడం నేటి పరిశోధకుల వంతు.